పదకొండు కంటే ఇరవయ్యారు చిన్నది

యానాంలో జేవియర్ గారి గొంతు గుర్తుపట్టగలిగిన వాళ్ళు పదిమంది ఉండరు. చెయ్యి మాత్రం ఊరందరికీ తెలుసు.

ఆయన భార్య రమణమ్మ లెక్క ప్రకారం, కాకినాడలో బయల్దేరిన బస్సు యానాం చేరేలోపు కండక్టరు ఎన్ని మాటలు మాట్లాడతాడో, నలభై రెండేళ్ళ కాపురంలో జేవియర్ గారు అన్ని మాటలు మాట్లాడారు. అందులో సగం ‘ఊఁ’లే. మూడో తరగతితోనే పలక అటకెక్కించేసిన మనిషి. ఉన్న కాసిని మాటలు వాడేస్తే మళ్ళీ దొరకవేమోనన్న భయం అప్పుడే పట్టుకుని ఉంటుందని ఆవిడ నమ్మకం.

ఆయన పని రొయ్యల బయ్యర్ల దగ్గర కౌంటు చెప్పడం. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. వంద తూగితే వంద కౌంటు, అది చిన్న రొయ్య. ముప్పై తూగితే ముప్పై కౌంటు, అది రైతు మొహం వెలిగించే రొయ్య. అంకె తగ్గేకొద్దీ సరుకు గొప్పదన్నమాట. చెరువు పట్టుబడి రోజున గట్టు మీద ట్రేలు వరసగా పెడితే, జేవియర్ గారు చొక్కా చెయ్యి పైకి మడిచి, చెయ్యి ట్రేలోకి దించి, కళ్ళు మూసుకునేవారు. గట్టు మీద కాకి కూడా అరిచేది కాదు. “నలభై రెండు” అనేవారు. కాటా వేసి లెక్కపెడితే నలభై రెండో, నలభై మూడో వచ్చేది. నలభై ఏళ్ళు ఇదే పని.

ఇందులో ఒక చిన్న సంగతి ఉంది. ఆ కౌంటు చెప్పేది చెయ్యి కాదు.

గట్టెక్కక ముందే ఆయన రైతుని ఒకే ఒక్క ప్రశ్న అడిగేవారు. “రొయ్యపిల్ల వేసి ఎన్నాళ్ళయింది?” తర్వాత కాపలా పాక పక్కన పేర్చిన ఖాళీ మేత బస్తాల వైపు ఓ చూపు విసిరేవారు. ఇన్ని రోజుల చెరువు ఇన్ని బస్తాలు తింటే రొయ్య ఇంత ఉంటుంది, అంతే. చెయ్యి నీళ్ళు తాకేసరికి అంకె నాలుక చివర సిద్ధంగా ఉండేది. చెయ్యి ముంచడం, కళ్ళు మూయడం, ఇవన్నీ పెళ్ళిలో సన్నాయి లాంటివి. సన్నాయి వల్ల పెళ్ళి అవదు, కానీ అది లేకపోతే పెళ్ళిలా ఉండదు.

మొదట్లో ఎవరూ అడగలేదు కాబట్టి ఆయన చెప్పలేదు. ఈలోపు చేతికి పేరొచ్చింది. పేరొచ్చిన చేతిలో ఏమీ లేదని చెప్పాలంటే బోలెడు మాటలు కావాలి. అన్ని మాటలు ఆయన దగ్గర ఎప్పుడూ నిలవ లేవు. పుచ్చకాయలు కొనేవాళ్ళు కూడా ఆయన్ని బజారుకి లాక్కెళ్ళేవారు. ఆయన కాయ మీద చెయ్యేసి, కళ్ళు మూసుకుని, ఏదో ఒకటి చూపించేవారు. కోస్తే తెల్లగా ఉండేది. జనం కాయనే తిట్టారు గానీ చేతిని ఒక్క మాట అనలేదు.

ఇదిలా ఉండగా, నాలుగున్నరేళ్ళ క్రితం ఆయన చెల్లెలి కూతురు షారోన్ ఆ చేతిని పట్టుకుంది.

షారోన్ మెదడు మీద పరిశోధన చేసే డాక్టరు. హైదరాబాదులో ఒక సంస్థలో ఉద్యోగం. మందులు రాసే డాక్టరు కాదన్న సంగతి రమణమ్మకి ఇప్పటికీ మింగుడుపడదు, మోకాళ్ళు నొప్పెట్టినప్పుడల్లా ఆ పిల్లకే ఫోను చేస్తుంది. అనుభవం ఉన్న చెయ్యి ఒక వస్తువుని తాకినప్పుడు మెదడులో ఏం జరుగుతుందన్నది షారోన్ చదువు. అందుకని యానాం వచ్చి, రొయ్యల షెడ్డులో సైజుల వారీగా గ్రేడింగు చేసే ఆడవాళ్ళని పదకొండు మందిని, వాళ్ళ మేస్త్రి పాపాయమ్మతో సహా, కూర్చోబెట్టింది. పన్నెండో మనిషి మావయ్య. ఒక్కొక్కళ్ళకీ నెత్తి మీద వైర్ల టోపీ పెట్టి, కళ్ళకి గంతలు కట్టి, ట్రేలో చెయ్యి పెట్టించి, కౌంటు చెప్పించింది.

ఆడవాళ్ళు పది ట్రేలకి ఆరో, ఏడో సరిగ్గా చెప్పారు. జేవియర్ గారు నలభై ట్రేలకి నలభై చెప్పారు.

ఎందుకు చెప్పరు? ట్రేలు మోసే హమాలీలు ఆయన వెనకే నిలబడి, “దరియాలతిప్ప ట్రే ఇటెట్టరా! మెట్టకూరు చెరువుది అటు!” అని కేకలేస్తున్నారు. ఆ రెండు చెరువుల పట్టుబడీ ముందురోజు దగ్గరుండి చేయించింది ఆయనే. అది మోసమని ఆయనకి ఆ పూట తట్టలేదు. రైటు చెప్పమన్నారు, రైటు చెప్పారు. ఆరు నెలల తర్వాత షారోన్ తన వ్యాసం తెచ్చి, “నీ వేలి కొసల్లో ఏముందో చూడు మావయ్యా!” అని తెలుగులో చదివి వినిపిస్తుంటే అప్పుడు తెలిసింది, పరీక్ష జవాబుకి కాదు, చేతికని. వ్యాసంలో ఆయన పేరు లేదు. టోపీ పెట్టించుకున్న వరసలో మూడోవారు గనక ‘మూడో వ్యక్తి’ అని ఉంది. మూడో వ్యక్తికి ప్రత్యేకంగా ఒక బొమ్మ, రంగుల్లో.

జేవియర్ గారు ఆ బొమ్మని చాలాసేపు చూసి “ఊఁ” అన్నారు.

ఆ ఊఁ నాలుగేళ్ళు సాగింది.

మొన్న మార్చిలో, మధ్యాహ్నం భోజనం దగ్గర కూర్చున్నప్పుడు షారోన్ ఫోను చేసింది.

“మావయ్యా, ఓ సాయం కావాలి.”

“ఊఁ.”

“జూన్‌తో నా ఉద్యోగం గడువు అయిపోతోంది కదా. పర్మినెంటు పోస్టు ఒక్కటే ఉంది. నేనూ, దుర్గాప్రసాద్ గారని ఇంకొకాయనా పోటీ. కమిటీలో శ్రీనివాసరావు గారని విశాఖపట్నం ప్రొఫెసరు ఉన్నారు. వచ్చే ఆదివారం కాకినాడ పెళ్ళికొస్తున్నారట. నా పేపర్లన్నింట్లో ఆయనకి నీ చేతి పేపరే నచ్చింది. ఆ చెయ్యి ఓసారి చూసి పోతానన్నారు.”

జేవియర్ గారు కలిపిన ముద్ద కంచంలో వదిలేశారు. “చూడ్డమంటే?”

ఆయన నోట ఒక మాట, అదీ ప్రశ్న, రావడంతో షారోన్ కంగారుపడింది. “ఏం లేదు మావయ్యా, గిన్నెలో నాలుగు రొయ్యలేసి తువ్వాలు కప్పి కౌంటు అడుగుతారేమో. నీకది మంచినీళ్ళ ప్రాయం. కానీ ఒక్కటి. నా పోస్టు ఆ పేపరు మీదే నిలబడింది. అది లేకపోతే జూన్‌లో నేను సామాను సర్దుకోవడమే.”

ఫోను పెట్టేశాక జేవియర్ గారు మజ్జిగ పోసుకోకుండా లేచిపోయారు. నిజం చెబితే మేనకోడలి ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే, చదువుకున్న పెద్దమనిషి ముందు మళ్ళీ అదే నాటకం. ఊళ్ళో రైతుల ముందు ఆడితే వేషం, ఆ పిల్ల బతుకు మీద ఆడితే పాపం. ఇప్పటిదాకా ఈ తేడా తనకి ఎందుకు తెలియలేదా అని తలగోక్కున్నారు. నాలుగు రోజులు గోక్కున్నాక, సాయిసందీప్ దగ్గరికి వెళ్ళారు.

సాయిసందీప్ చెరువు నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పనిచేస్తాడు. కంప్యూటరు తెలుసు. గాజు సీసాల మధ్య నుంచి తలెత్తి, “రండి తాతగారూ, కూర్చోండి. ఏంటిలా వచ్చారు?” అన్నాడు.

“మా షారోన్ ఎంతుందో చూడు.”

“ఎంతుందంటేనండీ?”

“సైంటిస్టుల్లో.”

సందీప్ నవ్వుకుని, మీటలు నొక్కి చూశాడు. “రాసిన పేపర్లు ముప్పై నాలుగండి. మిగతా సైంటిస్టులు తమ పేపర్లలో వీటి గురించి చెప్పుకున్నది ఎనిమిదొందల చిల్లర సార్లండి. మీ చేతి పేపరొక్కటే రెండొందల పన్నెండు సార్లు, ఆయ్! కానీ ఇయ్యన్నీ పైపైవండి. మనిషిని తేల్చేది హెచ్ ఇండెక్సని ఒకే ఒక్క అంకండి.”

జేవియర్ గారికి ప్రాణం లేచొచ్చింది. ఎంత సరుకునైనా ఒక్క అంకెలో తేల్చడం ఆయనకి తెలిసిన విద్యే.

“ఎలాగ?”

“పేపర్లన్నీ పెద్దదాన్నించి చిన్నదాని దాకా వరసగా పేరుత్తారండి. ఎక్కువసార్లు చెప్పుకున్నది పైన. ఆవిడకి పదకొండు పేపర్లున్నాయండి, ఒక్కోటీ కనీసం పదకొండు సార్లు చెప్పుకున్నవి. పన్నెండోది అందుకోలేదు. అంచేత ఆవిడ అంకె పదకొండు.”

పెద్దది పైన, చిన్నది కింద, వరసగా పేర్చడం. గ్రేడింగే! దొరలు చేసినా దొరసానులు చేసినా గ్రేడింగు గ్రేడింగే.

“దుర్గాప్రసాద్?”

సందీప్ ఆ పేరు కూడా వెతికాడు. “ఇరవయ్యారండి.”

“పాపం” అన్నారు జేవియర్ గారు.

“పాపమేనండి మరి” అన్నాడు సందీప్, షారోన్‌ని తలుచుకుని.

“చేతి పేపరు తీసేత్తే?”

“తీసేత్తే…” సందీప్ లెక్కేశాడు. “పదవుద్దండి. ఒకటి పడిపోద్ది.”

“పదా!” అన్నారు జేవియర్ గారు. ఆయన మొహంలో అంత వెలుగు సందీప్ ఎప్పుడూ చూడలేదు. ముసలాయనకి బాధ ఎక్కువై అలా అయిందనుకుని, పాపం, టీ తెప్పించాడు.

పదకొండు కౌంటు రొయ్యని జేవియర్ గారు జన్మలో నాలుగైదు సార్లు చూశారు. చెరువు సరుకు కాదది, ఏరు సముద్రంలో కలిసే మొగలో వలకి పడిన టైగరు రొయ్య. జానెడుండేది. జనం ఇళ్ళలోంచి వచ్చి చూసిపోయేవారు. ఇరవయ్యారు కౌంటు కూడా మంచి సరుకే, ఎగుమతికి వెళ్ళేదే, కాదనరు. కానీ పదకొండు పక్కన పెడితే ఇరవయ్యారెంత? ఆ మాటకొస్తే బళ్ళో కూడా అంతే. ఆయన చదివిన మూడేళ్ళలో తెచ్చుకున్న గొప్ప ర్యాంకు ముప్పై ఒకటి. పిల్లలు మొత్తం ముప్పై ఇద్దరు. అంకె చిన్నదైతే మనిషి పెద్దవాడని బడీ చెరువూ కూడబలుక్కున్నట్టు ఒకే సాక్ష్యం చెబుతున్నాయి. ఇంకా ఎవరినైనా అడిగి ఖాయం చేసుకోవచ్చు కదా అంటే, అడగడానికి మాటలు ఖర్చవుతాయి.

అంచేత ఆయన టీ తాగుతూ మనసులో తీర్పు రాసేసుకున్నారు. ఆ పిల్ల ఎలాగూ ముందే ఉంది. నిజం చెప్పేస్తే పేపరు పోతుంది, పోతే అంకె పదవుతుంది, అంటే ఇంకా మేలు. నాలుగేళ్ళుగా గుండెల మీదున్న రాయి దిగిపోతుంది, పిల్లకి ప్రమోషనూ వస్తుంది. దేవుడు ఇంత చవగ్గా పాపాలు క్షమిస్తాడని తెలిస్తే ఎప్పుడో చెప్పేసేవారు.

ఆదివారం చర్చిలో పూజ అయి ఇంటికి వచ్చేసరికి షారోన్ వచ్చి ఉంది. రమణమ్మ రొయ్యలు కడుగుతోంది.

“యాభై కౌంటు ఇచ్చిందండి పాపాయమ్మ. చూడండి, ఒక్కటి కూడా చితికింది లేదు” అంది భర్తతో. ఆ మాట గుర్తుంచుకోవాలని గానీ, మర్చిపోవాలని గానీ ఆయన అనుకోలేదు. చెవిన పడింది.

పన్నెండింటికి కారు ఆగింది. ప్రొఫెసరు గారు బక్కపల్చటి మనిషి. పెళ్ళిబట్టల్లోనే వచ్చారు, పట్టు కండువా మెడలోంచి జారిపోతోంది. కుశల ప్రశ్నలయ్యాయి. మజ్జిగ పుచ్చుకున్నారు. తర్వాత షారోన్ వసారాలో బల్ల మీద స్టీలు గిన్నె పెట్టి తువ్వాలు కప్పింది.

“నాకు తమాషా ఏమీ అక్కర్లేదండి. మీరు మామూలుగా ఎలా చెబుతారో అలాగే చెప్పండి” అన్నారు ప్రొఫెసరు.

జేవియర్ గారు చొక్కా చెయ్యి మడిచారు. తువ్వాలు కిందికి చెయ్యి దించారు. అలవాటు కొద్దీ కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. నాలుక చివర యాభై అనే అంకె ఎప్పట్లాగే వచ్చి కూర్చుంది. ఒక్క మాట. ఆయన జీవితమంతా ఒక్క మాటతోనే గడిచింది, ఆ ఒక్కటీ అనేసి భోజనానికి లేవచ్చు.

ఆయన కళ్ళు తెరిచారు.

“ఇందులో యాభయ్యండి” అన్నారు. “మా ఆవిడ పొద్దున్నే చెప్పిందండి.”

ప్రొఫెసరు నవ్వారు. “సరే, ఆవిడ చెప్పకపోతే? ఉత్త చేత్తో అయితే?”

జేవియర్ గారు గిన్నెలో చెయ్యి అటూ ఇటూ కదిపారు. “ఏమోనండి. చల్లగా ఉన్నాయి.”

“మావయ్యా!” అంది షారోన్.

“నా చేతికేం తెలీదండయ్యా. ఎప్పుడూ తెలీదు. చెరువుకి ఎన్ని రోజులో అడిగేవాడిని, మేత బస్తాలు చూసేవాడిని, కౌంటు దాన్నిబట్టి వచ్చీది. చెయ్యెట్టడం రైతు తృప్తికి. మా పిల్ల టోపీ ఎట్టినప్పుడు కళ్ళు కట్టింది గానీ, హమాలీలు ఏ చెరువు ట్రేయో అరుత్తానే ఉన్నారండి. ముందురోజు నేను పట్టించిన చెరువులే. నలభైకి నలభై అందుకొచ్చినియ్యి. ఈ పిల్లకి ఏం తెలీదండి. దోషం నాది. అప్పుడే చెప్పాల్సింది. నేను చెప్పలేదు.”

ముందుగా తేరుకున్నది రమణమ్మ. “ఈయనకిన్ని మాటలొచ్చా! నాతో నలభై రెండేళ్ళు మూగనోము పట్టి, ఎవరో ప్రొఫెసరు గారొస్తే పురాణం చెప్తారా?” అంది. తను ఏం విన్నదో అప్పటికి ఆవిడకి పూర్తిగా ఎక్కలేదు.

షారోన్ మొహం పాలిపోయింది. జేవియర్ గారు దాన్ని ఆశ్చర్యం అనుకున్నారు. సంతోషం వెనకాలే వస్తుందని ఎదురుచూశారు.

ప్రొఫెసరు కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు. “షారోన్ గారూ, ఈ మూడో వ్యక్తిని పక్కన పెట్టి మిగతా పదకొండు మందితో లెక్క మళ్ళీ చూడండి. సవరణ మీరే ఆ పత్రికకి పంపండి. ఇంకొకరు పట్టుకుని పంపకముందే. ఇక్కడ విన్నది కమిటీకి చెప్పక తప్పదు నాకు. ముందుగా మీ నోట వాళ్ళు వింటే మంచిది.”

“పంపుతాను సర్” అంది షారోన్.

“మీకు కోపంగా ఉంటుంది. కానీ మీ మావయ్య చేసిన పని మాలో చాలామంది చెయ్యరండి” అని, రమణమ్మ బలవంతం మీద నాలుగు మెతుకులు తిని, రొయ్యల వేపుడు బాగుందని చెప్పి, ఆయన పెళ్ళికి వెళ్ళిపోయారు.

కారు సందు మలుపు తిరిగేదాకా షారోన్ గుమ్మంలోనే నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగింది.

“ఎందుకు మావయ్యా? నాలుగేళ్ళు ఊరుకున్నవాడివి ఇంకో రెండు నెలలు ఊరుకోలేకపోయావా?” అంది. అని, తన మాట తనకే వినబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మెట్ల మీద కూలబడింది.

జేవియర్ గారు పక్కన కూర్చున్నారు. “ఏం పర్లేదమ్మా. నీది పదకొండు. ఇది పోతే పదవుద్దంట. అతనిది ఇరవయ్యారు.”

“అయితే?”

“అయితే ఏంటమ్మా! పదెక్కడ, ఇరవయ్యారెక్కడ!”

షారోన్ ఆయన మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. ఆ మొహంలో గర్వం కనిపిస్తోంది. మెల్లగా సంగతి బోధపడింది.

“మావయ్యా. కిలోకి ఎంతమంది సైంటిస్టులు తూగుతారన్న లెక్క అనుకున్నావా?”

కాదా అన్నట్టు ఆయన తలెత్తి చూశారు.

“పెద్దంకే గొప్ప మావయ్యా. పదకొండు కంటే ఇరవయ్యారే పెద్దది. మా లెక్కలో అంతే.”

షారోన్ ముందు నవ్వింది. పడీపడీ నవ్వింది. కొంతసేపటికి ఆ నవ్వు నవ్వు కాకుండా పోయింది. రమణమ్మ వచ్చి ఆ పిల్ల తల తన భుజం మీదికి తీసుకుని, భర్త వైపు చూసింది. అన్ని మాటల మనిషి, ఆ పూట ఒక్కటి కూడా అనలేదు. జేవియర్ గారికి మౌనం ఎంత గట్టిగా తగులుతుందో అప్పుడు తెలిసింది. తను నలభై రెండేళ్ళు అదే పని చేశారు మరి.

షారోన్ హైదరాబాదు వెళ్ళి లెక్క మళ్ళీ వేసింది. మూడో వ్యక్తి పోయాక ఫలితం సగానికి పడింది గానీ పూర్తిగా పోలేదు. సవరణ పంపింది, కమిటీకి తనే చెప్పింది. ఇవన్నీ సందీప్ ఆవిడకి ఫోను చేసి కనుక్కుని చెబుతుంటే జేవియర్ గారు వింటూ వచ్చారు. ల్యాబుకి రోజూ వెళ్ళి కూర్చుంటున్నారు. సందీప్‌కి కూడా అసలు సంగతి తెలిసిపోయింది. “ఆ రోజు ‘పాపం’ అన్నది ఎవర్నండీ తాతగారూ?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా సీసాలు కడుక్కున్నాడు.

మే నెల మూడో వారంలో ఫోనొచ్చింది.

“మావయ్యా, రాలేదు.”

“ఊఁ.”

“దుర్గాప్రసాద్ గారికిచ్చారు. నాకు ఇంకో ఏడాది పొడిగించారు. ఈ ఏడాదిలో పని చూపిస్తే అప్పుడు ఆలోచిస్తారట. శ్రీనివాసరావు గారు పట్టుబట్టి ఇప్పించారు ఆ ఏడాదైనా.”

“ఊఁ.”

“ఈ ఊఁ ఏదో ఆ ఆదివారం అని ఉంటే…” అని ఆపేసింది.

జేవియర్ గారు మాటల కోసం వెతుక్కున్నారు. ఉన్నవన్నీ ఆ ఆదివారమే అయిపోయినట్టున్నాయి. “తప్పు నాదమ్మా” అన్నారు ఆఖరికి.

“సగమే నీది. కళ్ళకి గంతలు కట్టి చెవులు వదిలేసిన సైంటిస్టుని నేను. ఆ సగం నాది.” కాస్త ఆగింది. “వచ్చే నెల మళ్ళీ వస్తున్నా. షెడ్డులోనే, మొదటి నుంచి చేస్తాను. ఆడవాళ్ళని ఇరవై మందిని కూర్చోబెడతా. ఈసారి ఏ ట్రే ఏ చెరువుదో నాక్కూడా తెలియకుండా. పాపాయమ్మ గారితో నువ్వే మాట్లాడి పెట్టాలి.”

“మాట్లాడతాను.”

“నువ్వు కూడా కూర్చోవాలి.”

“నేనెందుకు? నాకు రాదుగా.”

“అందుకే మావయ్యా. రానివాళ్ళు కూడా కావాలి, పోల్చి చూడ్డానికి. నలభై ఏళ్ళు రొయ్యల మధ్యే తిరిగి, చేత్తో కౌంటు చెప్పలేని మనిషి నాకు ఇంకెక్కడ దొరుకుతాడు?”

మర్నాడు పొద్దున్నే ఆయన షెడ్డుకి వెళ్ళారు. ఐసు మీద రొయ్యలు గుట్టగా పోసి ఉన్నాయి. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని చేతులు ఆడిస్తున్నారు. పాపాయమ్మ ఆయన్ని చూసి ముక్కాలి పీట జరిపింది.

“వచ్చారా జేవియర్ గారూ! ఊరంతా చెప్పుకుంటన్నారు లెండి మీ చేతి సంగతి. మాకెప్పుడో తెల్సండి.”

“తెలుసా?”

“తెలీదేంటండి బాబూ! చెయ్యెట్టిన మనిషి రొయ్యని కదపాలి గదా, వేళ్ళు ఆడాలి గదా. మీరు బియ్యం డబ్బాలో చెయ్యెట్టినట్టు పెట్టి ఊరుకునేవారు. మేం మొహాలు పక్కకి తిప్పుకుని నవ్వుకునేవోళ్ళం. నాగలక్ష్మైతే పైట నోట్లో కుక్కునీది.” చుట్టూ ఉన్నవాళ్ళు ఇప్పుడు పైట అడ్డం లేకుండానే నవ్వారు.

“మరి చెప్పలేదే?”

“మీరడిగారేంటండి?”

జేవియర్ గారు పీట మీద కూర్చుని, వచ్చిన పని చెప్పారు. మేనకోడలు మళ్ళీ వస్తుందని, ఇరవై మంది కావాలని, ఆ పిల్లకి ఒక్క ఏడాదే గడువుందని, తన మూలంగానే ఇదంతా అయిందని. వరసగా నాలుగు వాక్యాలు. పాపాయమ్మ చేతులాపి విన్నది. “ఆ పిల్ల కోసం వత్తాం లెండి, ఇరవై కాపోతే ముప్పై మందిమి” అని, గుట్టలోంచి గుప్పెడు రొయ్యలు తీసి, వేళ్ళ మధ్య ఒక్కసారి జారనిచ్చింది. “డెబ్బై రెండు” అంది. పక్కామె దోసెడు తీసుకుని “డెబ్బయ్యే” అంది. ఇద్దరూ దాని మీద కాసేపు తగువాడుకున్నారు.

“మీరూ పెట్టండి ఓసారి” అంది పాపాయమ్మ.

ఆయన చొక్కా చెయ్యి మడిచి, గుప్పెడు తీసుకున్నారు. “నలభై.”

షెడ్డంతా గొల్లుమంది. “అంత గట్టిగా పిసక్కండి బాబూ, అయ్యేమన్నా గుడ్డ ఉండలా! వేలు మీంచి వేలుకి దొర్లనియ్యండి. ఇదుగో, నడుం దగ్గిర బొటనవేలానించండి. ఆనిందా? ఇప్పుడు చెప్పండి.”

బొటనవేలి కింద ఏదో తగిలింది. చల్లదనం ఒక్కటే కాదు, చిన్న లావు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య వెంట్రుకవాసి తేడా. డెబ్బై ఏళ్ళకి దగ్గరపడ్డ చేతికి అది కొత్తగా ఉంది. “అరవై…” అని మొదలుపెట్టి, ఆయన ఉన్నట్టుండి రొయ్యల్ని గుట్టలో పడేసి చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

“ఏమైందండీ? దగ్గరికొచ్చేశారుగా!”

“వద్దు పాపాయమ్మా. నేర్చుకుంటే మా పిల్లకి పనికిరాను.”

పాపాయమ్మ ఆయన వైపు ఎగాదిగా చూసింది. “ఎన్నాళ్ళు మరి ఇలాగ రాకుండా ఉంటారు?”

జేవియర్ గారు తడి చెయ్యి లుంగీకి తుడుచుకున్నారు.

“వచ్చే నెల దాకా. ఆ పిల్ల పని అయ్యాక నేర్పు.”

“మరి నేర్పితే రోజుకెన్ని ట్రేలు చేత్తారు?”

“నువ్వెన్నంటే అన్ని” అన్నారు ఆయన.